బెయిల్ మీద మనిషి, నిఘాలో ఫోన్

(నస్పూర్‌లో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం)



ఈ ఉపన్యాసం ఏ వకీలు సాబ్ జ్ఞాపకార్థమో మీకందరికీ తెలుసు. పొగడ్తలు వద్దని కుటుంబం ముందే చెప్పింది కాబట్టి ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వస్తాను. బెయిల్ ఆర్డర్ కాపీ చేతికి రాగానే ఆయన దాన్ని ఫైల్లో దోపేసేవారు కాదు. ముద్దాయినీ జమానతుకు వచ్చినవాళ్లనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, షరతులు ఒక్కొక్కటీ మన మాటల్లో చదివి, "ఇది నీతోని అయితదా?" అని అడిగేవారు. కాదంటే మర్నాడే షరతు సడలించమని పిటిషన్. అప్పట్లో షరతులు కూడా పొట్టిగానే ఉండేవి. ఆదివారం పొద్దున స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి, జిల్లా దాటొద్దు, సాక్షుల జోలికి పోవద్దు. ఇప్పుడు అదే కాగితంలోకి కొత్త వాక్యాలు వచ్చి చేరుతున్నాయి. ఫోన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి, లొకేషన్ దర్యాప్తు అధికారికి కనబడాలి, ఒకే నంబరు వాడాలి, సోషల్ మీడియాలో రాయకూడదు. ఈ వాక్యాలను ఆయన చదివి ఉంటే ఎన్నిటికి "అయితదా?" అని అడిగేవారో అనుకుంటూ ఈ ప్రసంగం తయారు చేసుకున్నాను.

జైలు గోడ బయట ఉండి కూడా ప్రభుత్వ కన్ను కింద బతికే మనుషులు మన మధ్య చాలామందే ఉన్నారు. విచారణ పూర్తికాక బెయిల్ మీద ఉన్నవాళ్లు, పెరోల్ మీద వచ్చినవాళ్లు, ప్రొబేషన్ మీద విడుదలైనవాళ్లు, ఎలక్షన్ రాగానే తహసీల్దారు ముందు బైండోవర్ అయ్యేవాళ్లు, రౌడీషీట్ ఉన్నవాళ్లు. వీళ్ల మీద నిఘా కొత్తదేం కాదు. ఇన్నాళ్లూ అది కాలినడకన, సైకిల్ మీద, జీపులో వచ్చేది. ఇప్పుడు జేబులోకి వచ్చింది.

కాలినడకన వచ్చే రోజుల కథ ఒకటి చెప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలారు గానీ హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి చౌకీదార్లు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు, కేకలేసి లేపేవాళ్లు. ఊరు దాటాలంటే ఎక్కడికి పోతున్నాడో, ఎప్పుడొస్తాడో చౌకీదారుకు చెప్పి పోవాలి. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. రాత్రిళ్లు ఇంటికి రావడం చెల్లదన్నారు. వెంబడించడం, రాకపోకలు రాసిపెట్టుకోవడం మాత్రం ఫరవాలేదని ఎక్కువమంది అన్నారు. ఒప్పుకోని ఇద్దరిలో తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి. ఎవరో తనను గమనిస్తున్నారన్న ఎరుకే మనిషిని లోపల కట్టిపడేస్తుందని, ఒంటికి సంకెళ్లు లేకపోయినంత మాత్రాన వాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని ఆయన వాదం. ఆ నిఘా నిబంధనలన్నీ కొట్టేయాలన్నారు. యాభై ఐదేళ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆయన పక్షమే సరైనదని ఒప్పుకున్నారు. గోప్యత ప్రాథమిక హక్కు అయింది. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, అవసరానికి మించకూడదు.

తీర్పు వచ్చిన ఐదు నెలలకు మన రాష్ట్రంలో ఏం జరిగిందో గుర్తుందా? 2018 జనవరి 18న ‘సకల నేరస్తుల సమగ్ర సర్వే’ పేరిట రాష్ట్రమంతటా ఒకే రోజు పోలీసులు పాత నేరస్తుల ఇళ్లకు పోయారు. ఫొటోలు తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఫోన్ నంబర్లు, చుట్టాల వివరాలు రాసుకున్నారు, ఇంటిని జియో ట్యాగ్ చేశారు. శిక్ష పూర్తి చేసుకుని కూలికి పోతున్నవాడి ఇల్లు కూడా మ్యాపు మీద చుక్క అయింది. ఏ చట్టం కింద అని అప్పుడు గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. మన కోల్‌బెల్టుకు ఈ అలవాటు పాతదే కదా. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన నాటి నుంచి, ఎవరింటికి ఎవరొచ్చారో, ఏ సభలో ఎవరు కూర్చున్నారో రాసుకునే నోటుబుక్కులు మన స్టేషన్లలో ఉంటూనే వచ్చాయి. జనానికి అలవాటైన నిఘాకు కొత్త మిషను దొరికితే ఎవరూ ఉలిక్కిపడరు.

ఇక బెయిల్ ఆర్డర్లలో ఫోన్ ఎట్లా ప్రవేశించిందో చూద్దాం. తెలుగు వాళ్లకు దగ్గరి ఉదాహరణ కవి వరవరరావు గారిది. భీమా కోరేగావ్ కేసులో ఆయనకు 2021 ఫిబ్రవరి 22న బాంబే హైకోర్టు ఆరోగ్య కారణాల మీద ఆరు నెలల బెయిల్ ఇచ్చింది. అప్పటికి ఎనభై దాటిన మనిషి. ముంబై దాటి పోకూడదు. పదిహేను రోజులకోసారి దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వాట్సాప్ వీడియో కాల్ చేసి హాజరు వేయించుకోవాలి. కేసు గురించి సోషల్ మీడియాతో సహా ఎక్కడా మాట్లాడకూడదు. ఇందులో మొదటిది ఆయన్ను సొంత ఊరికీ సొంత భాషకూ దూరం చేసింది. రెండోది మాత్రం, నన్నడిగితే, ఆయన మీద జాలితో పెట్టిన షరతే. ముసలాయన మెట్లెక్కి స్టేషన్‌కు రానక్కర్లేదు, తెర మీద మొహం చూపిస్తే చాలు. టెక్నాలజీ ఎప్పుడూ కీడే చేస్తుందని నేననను. వారం వారం కూలి పోగొట్టుకుని నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చి సంతకం పెట్టేవాడికి ఒక వీడియో కాల్ ఎంత మేలో ఈ సభలో చాలామందికి తెలుసు. 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు వరవరరావు గారి బెయిల్‌కు ఆరు నెలల గడువు తీసేసింది.

అదే కేసులో 2023 జూలై 28న వెర్నన్ గొంజాల్వెస్, అరుణ్ ఫెరీరాలకు సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చినప్పుడు సంగతి మారింది. ఒక్కొక్కరూ ఒకే ఫోన్ వాడాలి. అది ఇరవై నాలుగు గంటలూ చార్జింగ్‌తో, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. ఆ ఫోన్ దర్యాప్తు అధికారి ఫోన్‌తో జత కట్టి ఉండాలి, ఆయన ఎప్పుడు చూసినా వీళ్లెక్కడున్నారో తెలియాలి. వాట్సాప్ కాల్‌లో హాజరుకూ దీనికీ ఎంతో దూరం ఉంది. ఆ కాల్ చేసిన రెండు నిమిషాలు వాళ్లకు మీరు కనిపిస్తారు. ఈ జత కట్టడంలో నిద్రపోయిన చోటు, డాక్టరు దగ్గరికి పోయిన వేళ, వకీలును కలిసిన గంట, అన్నీ కనిపిస్తాయి. వకీలును కలిసిన గంట అన్నదాన్ని మన వృత్తివాళ్లు ఇంకోసారి ఆలోచించాలి.

ఏడాది తిరగకుండానే సుప్రీంకోర్టులోనే ఇంకో బెంచి దీన్ని ఆపింది. 2024 జూలై 8న, ఫ్రాంక్ వైటస్ కేసులో. మాదకద్రవ్యాల కేసులో ముద్దాయి అయిన నైజీరియా దేశస్తుడికి ఢిల్లీ హైకోర్టు బెయిలిస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తన చోటు దర్యాప్తు అధికారికి కనబడేలా చేయాలని షరతు పెట్టింది. జస్టిస్ ఎ.ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల బెంచి మొదట చేసిన పని నాకు చాలా నచ్చింది. ఈ పిన్ అసలెట్లా పనిచేస్తుందో చెప్పమని గూగుల్‌నే అడిగింది. గూగుల్ అఫిడవిట్ వేసింది. పిన్ అనేది మ్యాపు మీద ఒక గుర్తు మాత్రమే, దాంతో మనిషి ఎటు కదులుతున్నాడో ఎప్పటికప్పుడు తెలియదు, అది ఎక్కడ పెట్టాలో, ఎవరికి పంపాలో పూర్తిగా వాడేవాడి చేతిలోనే ఉంటుంది అని. అంటే అది దేనికీ పనికిరాని షరతు. ముద్దాయి నస్పూర్‌లో కూర్చుని సింగపూర్‌లో పిన్ పెట్టొచ్చు! కోర్టు అక్కడితో ఊరుకోలేదు. ఒకవేళ అది పనిచేసేదే అయినా చెల్లదంది. బెయిల్ ఇచ్చినట్టే ఇచ్చి, మనిషి కదలికలన్నీ పోలీసులు వెంటాడే ఏర్పాటు చేస్తే 21వ అధికరణం కింద అతని గోప్యతకు అర్థం లేదని తేల్చింది.

అయినా కింది కోర్టుల ఆర్డర్లలో పాత వాక్యాలు అంత తొందరగా పోవు. కంప్యూటర్‌లో దాచుకున్న పాత ఆర్డర్‌ను తెరిచి పేరు మార్చే అలవాటు మనకూ ఉంది, కోర్టు ఆఫీసులకూ ఉంది. ఒకసారి చేరిన షరతు అట్లా కాపీ అయి తిరుగుతూనే ఉంటుంది.

ఆ షరతును ఇక్కడి మనిషికి తగిలించి చూడండి. శ్రీరాంపూర్ ఏరియాలో భూగర్భ గనిలో పనిచేసే కార్మికుడు ఒకడు. అన్నదమ్ముల భూమి పంచాయితీలో కొట్లాట కేసు, బెయిల్ దొరికింది. షరతు: ఫోన్ ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండాలి, లొకేషన్ కనబడాలి. వీడు ఫస్ట్ షిఫ్టుకు పోతాడు. మస్టర్ పడుతుంది. ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంపు తీసుకుంటాడు. గని నోటి దగ్గర ఒళ్లు తడిమి తనిఖీ చేస్తారు. అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోన్ ఏదీ లోపలికి పోనివ్వరు. గనిలో మీథేన్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు, అందుకని చట్టమే పెట్టిన కట్టడి అది. ఫోను పైన పెట్టెలో పెట్టి వీడు కిందికి దిగుతాడు. దిగినోడు పగలు తిరిగాక గానీ పైకి రాడు. అంతసేపూ దర్యాప్తు అధికారి ఫోన్‌లో వీడు గని ఆఫీసు దగ్గర కదలకుండా నిలబడ్డ చుక్క. మధ్యలో చార్జింగ్ అయిపోతే ఆ చుక్క కూడా ఉండదు. ఒక చట్టాన్ని పాటించినందుకు ఇంకో ఆర్డర్‌ను ఉల్లంఘించిన మనిషి అవుతాడు. నేను ఊహించి చెబుతున్న మాటే, కానీ ఇందులో అతిశయోక్తి ఏముందో కార్మికులే చెప్పాలి. ఆర్డర్ రాసే న్యాయమూర్తికి ఈ సంగతి చెప్పాల్సింది మనం. ముద్దాయి ఏం పని చేస్తాడు, ఎన్ని గంటలకు పోయి ఎన్నింటికి వస్తాడు, ఆ చోట సిగ్నల్ ఉంటుందా అన్నది బెయిల్ పిటిషన్‌లో ఒక్క పేరాలో రాస్తే ఎంత పని!

రీచార్జ్ సంగతి కూడా ఉంది. లొకేషన్ కనబడాలంటే నెట్ ఉండాలి, నెట్ ఉండాలంటే ప్యాక్ ఉండాలి. ప్యాక్ అయిపోయిన మూడు రోజులూ కోర్టు దృష్టిలో పరారీలో ఉన్నట్టేనా?

పైగా మన ఇళ్లలో ఫోన్ ఒక్కరిది కాదు. పేరుకు నాయనది, పొద్దున పిల్లకు హోంవర్కు వాట్సాప్‌లో వచ్చేది దాంట్లోనే, మధ్యాహ్నం తల్లి చీటీ డబ్బులు ఫోన్‌పే చేసేది దాంట్లోనే, రాత్రి దుబాయిలో ఉన్న కొడుకు ఐఎంఓ కాల్ చేసేది కూడా దానికే. ఆ ఫోన్ మీద నిఘా పెడితే కేసు ఒకరి మీద, కన్ను ఇంటిల్లిపాది మీద. దాన్ని లాక్కుంటే ముద్దాయికంటే ముందు ఇల్లు ఆగిపోతుంది. కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్ కుటుంబాల్లో ఇంటర్నెట్ వాడొద్దనే షరతుకు అర్థం, కన్నకొడుకు మొహం చూడొద్దని.

ఈ పద్ధతి ముదిరితే ఎట్లా ఉంటుందో చూడాలంటే అమెరికా దాకా పోవాలి. అక్కడ 2022 చివరికి సుమారు 37 లక్షల మంది ప్రొబేషన్, పెరోల్ మీద ఉన్నారు. కాలికి తొడిగే ఎలక్ట్రానిక్ కడియం అక్కడే మొదలైంది. 1983లో న్యూమెక్సికో జడ్జి జాక్ లవ్‌కు ఆ ఆలోచన స్పైడర్‌మ్యాన్ బొమ్మల కథ చూసి వచ్చిందని చెబుతారు. మన పిల్లలు దాన్ని 2011లో రుచి చూశారు. కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసాల మీద మూతపడ్డప్పుడు, అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది తెలుగు విద్యార్థులే. కొందరి చీలమండలకు రేడియో ట్యాగులు కట్టి వదిలారు. మోసం చేసింది యూనివర్సిటీ పెట్టినావిడ, ఆమెకు తర్వాత పదహారేళ్ల జైలు పడింది, అది వేరే సంగతి. ఇక్కడ టీవీల్లో ఆ కాళ్లు చూసి తల్లిదండ్రులు ఏడ్చారు, మన విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది. అమెరికన్ అధికారులు మాత్రం ఇది మామూలు పద్ధతే, ట్యాగు కట్టినంత మాత్రాన నేరస్తులన్నట్టు కాదని సర్దిచెప్పారు. వాళ్ల లెక్కలో నిజమే. లాకప్‌లో పెట్టడం కంటే అది నయమే. 2019లో ఫార్మింగ్టన్ పేరిట ప్రభుత్వమే నడిపిన దొంగ యూనివర్సిటీ వలలో పడ్డ మనవాళ్లలోనూ కొందరిని ఇట్లాగే ట్రాకర్లతో వదిలారు.

కాలి ట్యాగు మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. కంప్యూటర్‌లో వేసే నిఘా సాఫ్ట్‌వేర్ మనిషి ఏమనుకుంటున్నాడో చెబుతుంది. వాళ్ల దగ్గర ముఖ్యంగా లైంగిక నేరాలు, హ్యాకింగ్ కేసుల్లో విడుదలైనవాళ్ల కంప్యూటర్లలో, ఫోన్లలో ఇది వేస్తారు. ఏ సైటు చూశాడో, ఏం టైపు చేశాడో నమోదవుతుంది, కొన్ని నిమిషాలకోసారి తెర ఫొటో తీస్తుంది, అనుమానం కలిగించే మాట కనబడితే అధికారికి సందేశం పోతుంది. చాలాచోట్ల దాని నెల కిరాయి కూడా నిఘాలో ఉన్నవాడే కట్టుకోవాలి. ఇండియానాలో ఒక కేసు పత్రికల్లోకి వచ్చింది. బెయిల్ మీద ఉన్న మనిషి ఫోన్‌లోనే కాదు, అతని భార్య, పిల్లల ఫోన్లలో కూడా అలాంటి యాప్ వేయించారు. చూడకూడని సైటు ఒకటి తెరిచినట్టు యాప్ చెప్పింది. ఎవరూ ముట్టుకోకుండానే ఫోన్ తనంతట తాను పాత పేజీని రిఫ్రెష్ చేసుకుని ఉంటుందన్నది వాళ్ల వాదన. అతన్ని మళ్లీ జైల్లో వేశారు. ఇట్లాంటి వాదన మన మెజిస్ట్రేట్ కోర్టులో వస్తే విని తేల్చడానికి ఎవరున్నారు? ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) రిపోర్టుకే నెలలు పడుతున్న చోట, యాప్ పంపిన సందేశాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేసేదెవరు?

అమెరికా కోర్టులే కొంత వెనక్కి తగ్గాయి. నార్త్ కరోలైనాలో లెస్టర్ ప్యాకింగ్‌హామ్ అనే ఆయన, పాత లైంగిక నేరం వల్ల సోషల్ మీడియా నిషేధం ఉన్నవాడు, 2010లో ట్రాఫిక్ చలానా కొట్టేశారన్న సంతోషంలో ఫేస్‌బుక్‌లో దేవుడికి దండం పెట్టుకున్నాడు. దానికే శిక్ష పడింది. 2017 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు ఒక్క న్యాయమూర్తి కూడా కాదనకుండా ఆ నిషేధం పెట్టిన చట్టాన్ని కొట్టేసింది. ఉద్యోగాల ప్రకటనలు, వార్తలు, రాజకీయాలు అన్నీ అక్కడికే చేరినప్పుడు ఆ రచ్చబండ మీదికే రావొద్దనడం కుదరదంది. హ్యాకర్ కెవిన్ మిట్నిక్ కథ అంతకు ముందుది. 2000 జనవరిలో జైలు నుంచి వచ్చి, 2003 జనవరి దాకా అనుమతి లేకుండా కంప్యూటర్ ముట్టుకోవడానికి లేదు. కంప్యూటర్ తప్ప ఇంకో పని రాని మనిషి. తర్వాత అదే విద్యతో కంపెనీలకు భద్రత నేర్పి బతికాడు. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 2011లో స్మిత్ కేసులో నాకు నచ్చిన దారి ఒకటి చూపింది. ఇంటర్నెట్ మొత్తం మూసేయడం ఈ కాలంలో అతి. దాని బదులు బ్రౌజింగ్ హిస్టరీ చెరపకుండా ఉంచాలి, అధికారి వచ్చి అడిగితే చూపాలి. ఇందులో చూసే మనిషి ఎదురుగా ఉంటాడు, చూసేది ఎప్పుడో తెలుస్తుంది.

ఇంత చెప్పాను కాబట్టి నిఘాయే వద్దంటున్నానని అనుకోకండి. పిల్లల అశ్లీల వీడియోలు పంచినవాడు బెయిల్ మీద వస్తే వాడి ఫోన్‌ను ఎవరూ చూడకూడదని నేను వాదించను. కమీషన్ ఆశకు బ్యాంకు ఖాతా, సిమ్ము సైబర్ దొంగలకు అద్దెకిచ్చిన కుర్రాడికి ఒకే సిమ్ము, ఒకే ఖాతా అనే షరతు సబబే. వాడి నేరం జరిగింది ఆ సిమ్ముతోనే, ఆ ఖాతాతోనే. మాజీ భార్యను వేధిస్తూ మెసేజీలు పెట్టినవాడిని ఆమెకు మెసేజ్ పెట్టొద్దనాలి. కట్టెతో కొట్టుకున్న కేసులో వాట్సాప్‌కు ఏం సంబంధం? 2022 జూలైలో జర్నలిస్టు మహమ్మద్ జుబైర్‌కు బెయిలిస్తూ, ట్వీట్లు చేయొద్దని షరతు పెట్టమని ప్రభుత్వం అడిగితే సుప్రీంకోర్టు కాదంది. రాయడమే వృత్తిగా ఉన్నవాడిని ముందే నోరు మూయమనడం కుదరదంది.

నాకు అన్నిటికంటే వింతగా కనబడేది గడువుల లెక్క. ప్రభుత్వం మీ ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి సంతకం కావాలి. ఆ ఉత్తర్వు 60 రోజులు, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. పైన సమీక్షా కమిటీ ఉంటుంది. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు వేసిన కట్టడి అది. ఆ పీయూసీఎల్‌కు మన పౌరహక్కుల వకీలు కన్నబిరాన్ గారు చాలాకాలం జాతీయ అధ్యక్షుడిగా ఉన్నారు. ఈ కట్టడి కూడా తెగుతుందనే ఆరోపణ మీదే కదా 2024 మార్చి నుంచి మన రాష్ట్రంలో ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తోంది. సరే, కనీసం కట్టడి అంటూ ఉంది. నేరం రుజువై ప్రొబేషన్ మీద విడుదలైనవాడి బాండు మూడేళ్లకు మించకూడదు. మరి బెయిల్ మీద ఉన్నవాడో? నేరం రుజువు కాలేదు, చట్టం దృష్టిలో నిర్దోషి. కానీ వాడి షరతు కేసు తేలేదాకా. మన కోర్టుల్లో కేసు ఎప్పుడు తేలుతుందో చెప్పగలిగినవాళ్లు చేయెత్తండి. దోషి కంటే నిర్దోషి ఎక్కువ కాలం నిఘాలో ఉండే ఏర్పాటు ఇది. దీనికి హోం కార్యదర్శి లేడు, కమిటీ లేదు, "ముద్దాయి ఒప్పుకున్నాడు" అనే ఒక్క మాట ఉంది. జైలు తలుపు దగ్గర నిలబడ్డవాడు దేనికి ఒప్పుకోడు?

ప్రొబేషన్ మాట వచ్చింది కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. బోస్టన్‌లో జాన్ అగస్టస్ అని చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. 1841లో కోర్టులో ఒక తాగుబోతును చూసి, వీణ్ణి నాకప్పగించండి, మారుస్తానని పూచీ ఉన్నాడు. మూడు వారాల తర్వాత మనిషి మారి వచ్చాడు. అగస్టస్ చనిపోయేదాకా అట్లా సుమారు రెండువేల మందికి పూచీ పడ్డాడు. ప్రొబేషన్ పుట్టింది అక్కడ. మన పార్లమెంటు 1958లో చేసిన ప్రొబేషన్ చట్టం చదివితే ఆ చెప్పుల దుకాణం వాసన ఇంకా తగులుతుంది. 14వ సెక్షన్‌లో ప్రొబేషన్ అధికారి విధులు రాశారు. కనిపెట్టుకుని ఉండాలి, దాంతోపాటే ఉద్యోగం వెతికిపెట్టడానికి ప్రయత్నించాలి, నష్టపరిహారం కట్టడంలో సాయపడాలి, సలహా చెప్పాలి. 8వ సెక్షన్ కింద షరతులు మార్చమని కోర్టును అడగొచ్చు. 12వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. 1958లో ఇంత తెలివిగా ఆలోచించినవాళ్లున్నారు.

దీన్ని మనమెంత వాడుకుంటున్నాం? వకీలు మిత్రులను సూటిగా అడుగుతున్నాను. శిక్ష ఖరారయ్యే రోజు "దయ చూపండి" అంటాం గానీ, నాలుగో సెక్షన్ కింద ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించమని ఎన్నిసార్లు రాతపూర్వకంగా అడిగాం? అడిగేవాళ్లు లేక ఆ వ్యవస్థ ఎండిపోయింది. అది ఎండిన చోటే ఫోన్ నిఘా మొలుస్తోంది. 2023 సెప్టెంబరులో పార్లమెంటరీ కమిటీ పెరోల్ ఖైదీలకు ట్రాకింగ్ కడియాల గురించి సిఫారసు చేసింది. అదే ఏడాది కేంద్రం పంపిన నమూనా జైళ్ల చట్టంలో ట్రాకర్ తొడుక్కోవడానికి ఒప్పుకుంటే సెలవు ఇవ్వొచ్చనే సెక్షన్ ఉంది. నవంబరులో జమ్మూలో ఒక ముద్దాయికి జీపీఎస్ కడియం తొడిగి వదిలారు. ఇదంతా చౌక. ఒక ప్రొబేషన్ అధికారికి జీతం, వాహనం, ఆఫీసు కావాలి. యాప్‌కు ఏమీ అక్కర్లేదు. కానీ యాప్‌కు మంచిర్యాలలో ఏ దుకాణంలో పని దొరుకుతుందో తెలియదు. తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరికి మనిషిని వెంట తీసుకుపోదు. ఇంట్లో తిండి లేక వాయిదాకు రాలేకపోయాడని జడ్జికి చెప్పదు. లొకేషన్ మారిందని మాత్రం చెబుతుంది.

చివరిగా మనం చేయగలిగిన పని ఒకటుంది, దానికి కొత్త చట్టం రానక్కర్లేదు. ఫోన్ గురించి షరతు వస్తున్నట్టు అనిపించగానే నోటితో సరిపెట్టకుండా రాసి అడగాలి. ఏ ఫోన్, ఎవరు చూస్తారు, రోజులో ఎప్పుడు, ఎన్ని నెలలు? ఫ్రాంక్ వైటస్ తీర్పు కాపీ జత చేయాలి. గని కార్మికుడైతే షిఫ్టు వేళల కాగితం మేనేజర్ ఆఫీసు నుంచి తెచ్చి పెట్టాలి. వీలైన చోట స్టేషన్ సంతకానికి బదులు వీడియో కాల్ మనమే అడగాలి. ఇంకోటి, ఎవరూ అడగనిది. కేసు కొట్టేశాక ఆ లొకేషన్ చరిత్ర, ఆ తెర ఫొటోలు ఏమవుతాయి? వేలిముద్రలకు 2022 నాటి గుర్తింపు చట్టంలో ఒక దారి ఉంది. రికార్డు 75 ఏళ్లు ఉంచుతారు గానీ, పాత శిక్షలేవీ లేనివాడు నిర్దోషిగా తేలి అప్పీళ్లన్నీ ముగిస్తే, కోర్టు వద్దని రాస్తే తప్ప, చెరిపేయాలి. దర్యాప్తు అధికారి సొంత ఫోన్‌లో మిగిలిపోయిన మ్యాపుకు అట్లాంటి సెక్షన్ ఏదీ లేదు. ఆయన బదిలీ అయితే అది ఆయనతోనే ఆసిఫాబాద్‌కో, పెద్దపల్లికో పోతుంది. కేసు తేలిన ముప్పై రోజుల్లో చెరిపి, చెరిపినట్టు కోర్టుకు మెమో వేయాలనే ఒక్క వాక్యం ఆర్డర్‌లో చేర్చమని అడుగుదాం. మొదట్లో కొట్టేస్తారు. పదిమంది అడిగితే పదకొండో ఆర్డర్‌లో వస్తుంది, ఆ తర్వాత కాపీ అయి తిరగడం దాని వంతు.